సీరియల్లో రెండోవాడు, సినిమాలో పెద్దవాడు

బుధవారం పొద్దున చద్దన్నం తింటూ అప్పలసూరి ఒక నిర్ణయానికి వచ్చాడు. వచ్చే ఆదివారం కలకత్తా వాట్‌గంజ్ తెలుగు క్లబ్బులో ఓ గూఢచారి సీరియలూ, అదే కథతో తీసిన సినిమా కూడా వేసి చూపించి, రెండింటిలో ఏది మేలో చర్చ పెట్టాలి. చర్చ కాగానే అదే సభలో యూనియన్ బ్రాంచి సెక్రటరీ ఎన్నిక జరుగుతుంది. ఎన్నిక అంటే పెద్ద రభస ఏమీ లేదు. ఏటేటా అప్పలసూరి పేరు చదువుతారు, చేతులు లేస్తాయి, టీ వస్తుంది. ఈసారి మాత్రం పై కమిటీ నుంచి పరిశీలకుడు వస్తున్నాడు. మీ తెలుగువాళ్ళు కొట్లాట సినిమాలు తప్ప ఇంకేమీ చూడరట గదా, మరి చైతన్యం ఎక్కడినుంచి వస్తుంది అని ఆ బెంగాలీ పెద్దమనిషి కిందటిసారి నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్నవాళ్ళే పదవులు పీకుతారు. ఓడలకు సరుకెక్కించే కంపెనీలో బస్తాలు మోసి మోసి ఆ కుర్చీ ఎక్కినవాడు అప్పలసూరి. అది పోతే అతనికి మిగిలేది నడుంనొప్పి ఒక్కటే.

కథ ఓ పాత ఇంగ్లీషు నవలది. ఒక రహస్యాల ఆఫీసులో శత్రువుల మనిషి చేరాడు, వాడెవడో పట్టుకోవాలి, అంతే. దాన్ని ముందు టీవీవాళ్ళు సీరియల్‌గా తీశారు, తర్వాత సినిమావాళ్ళు సినిమాగా తీశారు. సీరియల్లో ద్రోహి ఆ ఆఫీసులో రెండోవాడు. సినిమావాళ్ళకు అంత ఓపిక లేక ఆ రెండోవాణ్ణి కథలోంచే పీకేసి, ద్రోహాన్ని పెద్దవాడి నెత్తిన పెట్టేశారు. రెండింటి కాసెట్లూ ఓడ దిగిన సరుకమ్మే ఖిదిర్‌పూర్ బజారులో దొరికాయి. అప్పలసూరీ, అతని స్నేహితుడు క్రేను డ్రైవరు కృపాదానం కలిసి వాటిని చూశారు. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. అందువల్ల అభిప్రాయాలు చాలా గట్టిగా ఏర్పడ్డాయి.

అప్పలసూరి సీరియల్ పక్షం. అందులో మనుషులు కూర్చుంటారు, కళ్ళజోడు తుడుచుకుంటారు, టీ తాగుతారు, ఒకడు మెట్లెక్కడానికే సగం కాసెట్టు అయిపోతుంది. ఆఫీసంటే అదేనని అతని వాదం. ద్రోహమైనా ఫైలులాగే నిదానంగా నడుస్తుంది. కృపాదానం సినిమా పక్షం. అందులో వాన ఉంది, వంతెన మీద పరుగు ఉంది, సిగరెట్టు సగం కాలకముందే తుపాకీ పేలుతుంది.

"ద్రోహిని పట్టడానికి అన్ని కాసెట్లేటి సూరీ? అన్నాళ్ళకి ఆడికి పింఛనొచ్చెస్తాది," అన్నాడు కృపాదానం.

చర్చ అంటే జనం రావాలి. కలకత్తాలో ఏ సంగతైనా గోడకెక్కితేనే జరిగినట్టు లెక్క. అప్పలసూరి గోడరాతల పల్టూను పిలిచి, ఓడరేవు డాకు గేటు ఎదుట యూనియన్ గోడ మీద రాయాల్సింది చెప్పాడు. పల్టూ సున్నం కొట్టి, ఎర్రరంగుతో, పిడికిలంతేసి అక్షరాలతో, బెంగాలీలో ఓసారి తెలుగులో ఓసారి రాసుకుంటూ వచ్చాడు. ఆఫీసులో శత్రువుల మనిషి ఉన్నాడు! వాడెవడు? ఆదివారం పొద్దున తెలుగు క్లబ్బులో తేలిపోతుంది! అందరూ రండి! ఇంకా ఒక వాక్యం మిగిలింది. టీవీ సీరియల్ మేలా, సినిమా మేలా, చర్చ. అక్కడికి గోడ అయిపోయింది. గోడంటే అవతలికి చాలా ఉంది గానీ, అది రాబోయే ఎన్నికల దాకా ఎదుటి పార్టీ పేరు రాసి రిజర్వు చేసుకున్న గోడ. ఈ ఊళ్ళో మనిషి ప్రాణం తీసినా రాజీ ఉంటుంది, రిజర్వు చేసిన గోడ మీద అక్షరం పడితే రాజీ లేదు. పల్టూ డబ్బా మూతపెట్టి ఇంటికి పోయాడు.

గురువారం పొద్దున్నే గోపీనాథ్ అప్పలసూరి ఇంటికొచ్చాడు. గోపీనాథ్ బ్రాంచిలో అసిస్టెంటు సెక్రటరీ. నెమ్మదస్తుడు, సభల్లో అప్పలసూరి పక్కన కూర్చుని అతను అన్నదానికల్లా తలూపడం అతని పని. అప్పలసూరి భార్య జగ్గమ్మ టీ కెటిల్ తెచ్చి అతని చేతికిచ్చి, మీరే పోసుకోండని వెళ్ళింది.

"సూరన్నా, గోడ సూసినాను. ఆడెవుడో నీకు తెలుసా?"

"తెలీకేటి? మూడో కాసెట్లోనే పట్టీసినాను."

కాసెట్ల మాట విని, గ్లాసులో టీ పోస్తున్న గోపీనాథ్ ఉలిక్కిపడ్డాడు. ఎవరో తన మాటలు టేపు చేశారన్నమాట. "ఎవుడన్నా?" అన్నాడు సన్నగా.

"ఇంకెవుడు, రెండోవోడు. పెద్దోడి పక్కనే కూకుంతాడు. టీ పోస్తాడు. నవ్వుతాడు. ఆడే."

గోపీనాథ్ అప్పటికే సగం గ్లాసు పోశాడు. మిగతా సగం అప్పలసూరి మోకాలి మీద పోశాడు. ఆణ్ణి ఏం చేస్తారని అడిగితే, అది ఇప్పుడే చెప్పేస్తే మజా ఉండదు, ఆదివారం అందరి ముందరా తెలియాలి అని అప్పలసూరి మోకాలు తుడుచుకుంటూ నవ్వాడు. గోపీనాథ్‌కు ఆ నవ్వు కసాయివాడి నవ్వులా కనిపించింది. ఇంతకీ అతను చేసిన ద్రోహం ఒక్కటే. లేబరు కాంట్రాక్టరు మనవడి అన్నప్రాశనకు దొంగతనంగా వెళ్ళి ఇలిష చేప తిన్నాడు.

ఆ మధ్యాహ్నం డాకు గేటు దగ్గర జనం కృపాదానాన్ని చుట్టుముట్టారు. అప్పలసూరి ఇంట్లో అన్నమాట అప్పటికే గేటు దాకా చేరింది, ద్రోహి రెండోవాడేనటగా అని అడిగారు. సినిమా పక్షం మనిషికి కోపం వచ్చింది. "కానే కాదు. పెద్దోడే. నాను కళ్ళారా సూసినాను," అన్నాడు. ఎక్కడ చూశావని ఎవరూ అడగలేదు. మనకు కావలసిన కబురు దొరికాక ప్రశ్నలెందుకు? సాయంత్రానికల్లా గేటు రెండు ముక్కలైంది. గోపీనాథే ద్రోహి అన్నవాళ్ళు సీరియల్ వాళ్ళు. అప్పలసూరే ద్రోహి అన్నవాళ్ళు సినిమా వాళ్ళు. ఈ పేర్లెందుకు వచ్చాయో తెలియనివాళ్ళు అవి పైనుంచి వచ్చిన రహస్య సంకేతాలనుకుని మరింత గౌరవంగా పలికారు.

శుక్రవారం కంపెనీ లేబరు ఆఫీసరు అప్పలసూరిని గదిలోకి పిలిచి తలుపు మూశాడు. ఎన్నడూ లేనిది టీ తెప్పించాడు, సందేశ్ మిఠాయి తెప్పించాడు. ఆదివారం వాడి పేరు బయటపెట్టడం తప్పదా అని గొంతు తగ్గించి హిందీలో అడిగాడు. ఈ పెద్దమనిషి కూడా సీరియల్ సగంలో ఉన్నట్టున్నాడు, చివర ముందే తెలిసిపోతుందని బాధ పడుతున్నాడు అనుకున్నాడు అప్పలసూరి. పేరు నేను చెప్పను సార్, చూసినవాళ్ళే పట్టేస్తారు అని ధైర్యం చెప్పాడు. ఆఫీసరు నుదురు తుడుచుకున్నాడు. షెడ్డు దగ్గర తాగునీటి కుళాయిలు కావాలన్నారు గదా, సోమవారం పెట్టిస్తాను, అన్నాడు. ఆ కుళాయిల కోసం యూనియన్ ఎన్నో ఏళ్ళుగా ఊరేగింపులు చేస్తోంది, లాఠీలు కూడా తింది. ఒక సీరియల్‌కు ఇంత శక్తి ఉందా అని ఆశ్చర్యపడుతూ అప్పలసూరి తలుపు తీసుకుని బయటికొచ్చాడు. మీసం మీద సందేశ్ పొడి ఉంది. బయట నిలబడ్డ షిఫ్టు షిఫ్టంతా ఆ పొడిని చూసింది.

ఆదివారం జనం క్లబ్బులో పట్టలేదు. తెలుగువాళ్ళే కాదు, బీహారీలు, ఒరియావాళ్ళు, అసలు డాకులో పనే లేనివాళ్ళు కిటికీలకు వేలాడారు. పరిశీలకుడు భుజాన సంచితో వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. అప్పలసూరి గొంతు సవరించుకుని అద్దె వీసీఆర్‌లో మొదటి కాసెట్టు పెట్టాడు. తెర మీద ఒకాయన కళ్ళజోడు తుడుచుకోవడం మొదలెట్టాడు. ఆయన తుడవడం పూర్తికాకముందే ఎవరో ప్లగ్గు పీకారు. బొమ్మలెందుకు, పేరు చెప్పు అని వెనకనుంచి అరుపు.

అప్పుడు గోపీనాథ్ లేచాడు. యూనియన్లలో ఒక ఆచారం ఉంది. తప్పు చేసినవాడు పట్టుబడకముందే ఆత్మవిమర్శ చేసుకుంటే సగం శిక్ష పోతుంది. "కామ్రేడ్స్, నాను కాంట్రాక్టరింట్లో తిన్నాను. సేపముక్కలు రెండు తిన్నాను. మూడోది కూడా ఏసుకున్నాను," అన్నాడు ఏడుస్తూ. ఇంటికి పట్టుకెళ్ళావా అని ఎవరో నిలదీశారు. లేదన్నాడు. అయితే తిన్నాడే గానీ మూట కట్టలేదు, నిజాయితీపరుడే అని సభ చప్పట్లు కొట్టింది. చప్పట్లు చూసి మిగతావాళ్ళకూ ఊపొచ్చింది. ఒకడు సమ్మె రోజున కిటికీలోంచి లోపలికెళ్ళి పనిచేశానన్నాడు. ఒకడు ఊరేగింపు మధ్యలోంచి ట్రామెక్కి ఇంటికి పోయానన్నాడు. కృపాదానం యూనియన్ జెండాగుడ్డ క్రేను తుడవడానికి వాడానని ఒప్పుకున్నాడు. అందరికీ చప్పట్లే. ఇక మిగిలింది అప్పలసూరి.

"నానేటి సేసినాను?" అన్నాడు అతను. "నాను ఏటీ సెయ్యనేదు."

కృపాదానం నిట్టూర్చి, "సినిమాలో పెద్దోడు కూడా ఇదే మాటన్నాడు సూరీ," అన్నాడు.

మూసిన తలుపు సంగతి, సందేశ్ సంగతి ఒక్కసారిగా లేచాయి. అప్పలసూరి చేతులు ఊపుతూ అది సీరియల్ గురించని, నవల గురించని, గోడ చాలలేదని చెప్పాడు. గోడ చాలనంత ద్రోహం చేశావా అని కిటికీలోంచి ఎవరో అడిగారు. అప్పుడు పరిశీలకుడు లేచాడు. ఈ మొత్తం గదిలో చర్చ కోసమే వచ్చినవాడు ఆయనొక్కడే. అప్పలసూరి ముందే కబురు పెట్టడంతో కాసెట్లు రెండూ తెప్పించుకుని చూసి, సంచిలో నోట్సు కూడా తెచ్చుకున్నాడు. సీరియల్ అలవాట్లను చక్కగా చూపించిందనీ, కానీ కుళ్ళు ఎప్పుడూ పైనుంచే మొదలవుతుంది గనక చారిత్రక దృష్టితో సినిమాయే సరైనదనీ సుదీర్ఘంగా, ఎంతో ప్రేమగా ఉపన్యసించాడు. చివర సినిమాను సమర్థించేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు.

చేతులు అడవిలా లేచాయి. ఆయన జన్మలో ఏ చర్చకూ అంత స్పందన చూడలేదు. కళ్ళు చెమర్చాయి. ఆ చేతులు దిగకముందే కొత్త సెక్రటరీగా గోపీనాథ్ పేరు చదివారు. టీ వచ్చింది.

ఎత్తిన చేతుల్లో జగ్గమ్మది కూడా ఉంది. ఇంటికొచ్చాక అప్పలసూరి నువ్వు కూడానా అని అడిగాడు.

"నాకు సినిమాయే నచ్చింది మావా. నీ సీరియల్‌కి నిద్దరొస్తాది," అంది.

సోమవారం కుళాయిలు వచ్చాయి. దండ గోపీనాథ్ మెడలో పడింది. అప్పలసూరి మళ్ళీ బస్తాల పనిలోకి వెళ్ళాడు. అతను వస్తుంటే జనం మాటలు ఆపేస్తున్నారు, పక్కన ఎవరూ టిఫిను డబ్బా విప్పడం లేదు. అలా కొన్నాళ్ళు గడిచాక లేబరు ఆఫీసరు మళ్ళీ పిలిచి తలుపు మూశాడు. యూనియన్ కబుర్లు మోసే తన మనిషి ఆ గోడరాత చదివిన రోజే ఊరు విడిచి పారిపోయాడనీ, ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉందనీ, ద్రోహి అన్న పేరు ఎలాగూ పడిపోయింది గనక కొత్తగా పోయేదేమీ లేదనీ నచ్చజెప్పి, సందేశ్ పళ్ళెం ముందుకు జరిపాడు.

అప్పలసూరి ఆలోచించుకుని చెబుతానన్నాడు.