తెల్ల లేబుల్ కింద మూలుగు

"నేరస్థుల్లో రెండే రకాలు. నేను పట్టుకున్నవాళ్లు, నేను పట్టుకోబోయేవాళ్లు. మూడో రకం ఇంకా పుట్టలేదు!"

ఈ ప్రకటన చేసేటప్పటికి భూతద్దం అనే పెద్దాయన కుడికాలు అట్టపెట్టెలో ఇరుక్కుని ఉంది. స్నేహితుడు బైండరు ఆ కాలిని బయటికి లాగుతున్నాడు. మొదటి రకంలో ఇప్పటిదాకా ఎందరున్నారని అడుగుదామనుకుని ఊరుకున్నాడు. జవాబు అతనికి తెలుసు. సున్నా.

భూతద్దం ముప్పై ఏళ్లు లిఫ్టులు బాగుచేశాడు. ఉద్యోగం వదలగానే ఒక భూతద్దం కొనుక్కుని డిటెక్టివునని చెప్పుకున్నాడు. అదే పేరై కూర్చుంది. మొదటి కేసు పక్కింటివాళ్ల నిచ్చెన. అది కనబడటం లేదని వాళ్లు గోల పెడుతుంటే, అదే నిచ్చెన ఎక్కి అటక మీద వెతికాడు. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న పాపానికి బైండరు ఇవన్నీ చూడాల్సి వచ్చింది. స్నేహితుణ్ణి ఎంచుకునే వయసులో మనిషికి బుద్ధి ఉండదు. బుద్ధి వచ్చేసరికి స్నేహితుడు ఉంటాడు.

వాళ్లున్నది భూతద్దం తమ్ముడి పెద్దకూతురి ఆఫీసు. రెండు గదులు. ఆమె సొంతంగా ఒక చిన్న లేబుల్, అంటే రికార్డుల కంపెనీ, నడుపుతుంది. పెద్ద కంపెనీలు ముట్టుకోని హార్డ్ టెక్నో పాటల్ని రికార్డుల మీద అచ్చు వేయించి దుకాణాలకు పంపుతుంది. పుస్తకాలు కుట్టే పని సన్నగిల్లాక బైండరు ఇక్కడ చేరి, రికార్డులకు అట్ట తొడుగులు మడిచి అతికిస్తున్నాడు. హార్డ్ టెక్నో అంటే ఏమిటో అతనికి మొదటిరోజే అర్థమైంది. ఒకడు రోకలితో గోడను దంచుతాడు. గోడ ఎప్పుడు కూలుతుందా అని మిగతావాళ్లు గెంతుతూ ఎదురుచూస్తారు. అతుకు సరిగ్గా ఉంటే చాలు, లోపల ఏముందో అతనికి అనవసరం. పుస్తకాల విషయంలోనూ అంతే.

ఆ పొద్దున ఫ్యాక్టరీ నుంచి ఐదు నమూనా రికార్డులు వచ్చాయి. ఒక వైపే పాట, రెండో వైపు నున్నటి నలుపు. నడుమ తెల్లకాగితం. దానిమీద అక్షరం ముక్క ఉండదు, నమూనాల పద్ధతే అంత. విని, సాయంత్రం ఐదులోగా సరేనని రాసిస్తే మూడొందలు అచ్చు పడతాయి. రాయకపోతే వరసలో వంతు పోతుంది. మళ్లీ నాలుగు నెలలకు.

అది ఈ అక్క పాటకు ఆమె చెల్లెలు చేసిన రీమిక్స్. పాత పుస్తకం కుట్లు విప్పి వేరే వరసలో కుట్టడం లాంటి పని అది. లేబుల్ పెట్టింది ఇద్దరూ కలిసే. వేగం దగ్గర పేచీ వచ్చింది. అక్కకు ఎంత వేగమైనా చాలదు. "మనిషి ఊపిరి పీల్చుకోవద్దా?" అంది చెల్లెలు. "ఊపిరి కావాలంటే పార్కుకెళ్లు," అంది అక్క. చెల్లెలు వెళ్లిపోయింది. రెండేళ్లు మాటల్లేవు. ఈమధ్యే ఎవరి చేతో కబురు పెట్టింది, నీ పాటకు రీమిక్స్ చేస్తానని. అక్క ఔనంది. పాటను మాత్రం నేరుగా, దాన్ని రికార్డు మీద గీతలుగా కోసే ఆయనకే పంపమంది. ముందు వినిపించు అని అడగడానికి నోరు రాలేదు.

పొద్దున విన్నది. ఆ పాటలో ఉన్నది ఒకే మాట, అక్క సొంత గొంతులో: "ఆగకు." ఆ మాట ఈనలేని గేదెలా మూలిగింది. దరువు ఎద్దుబండి ఎక్కింది. నిమిషం తిరక్కుండానే ఆమె ముల్లు ఎత్తేసింది.

"నన్ను గేదెను చేసింది బాబాయ్," అంది బైండరుతో. "వేగం వద్దంది కదా, పంతం నెగ్గించుకుంది. రెండేళ్లు కాచుకుని మరీ చేసింది."

పక్కగదిలోకి వెళ్లి రెండు ఉత్తరాలు టైపు చేసింది. ఫ్యాక్టరీకి: అచ్చు వద్దు. చెల్లెలికి: ఇకమీదట నువ్వెవరో, నేనెవరో. పంపడానికి చెయ్యి రాక కుర్చీలో కూలబడింది. సరిగ్గా అప్పుడే పెదనాన్న దిగబడ్డాడు. కేసు తేలుస్తానని నాలుగున్నర దాకా గడువు అడిగాడు. కాదనే ఓపిక ఆమెకు లేదు.

కాలు పెట్టెలోంచి వచ్చింది. కాలిజోడు రాలేదు. భూతద్దం ఒంటిజోడుతోనే రికార్డు ముందు వంగి అద్దం పెట్టాడు.

"ఒరేయ్, ఇలా రా. గీతలైపోయాక నడుమ ఖాళీ ఉందే, అక్కడ ఎవరో సూదితో గీకారు. నాలుగు, ఐదు. నలభై ఐదు!"

"అయితే?"

"హంతకుడి వయసు."

"హత్య ఎక్కడ జరిగిందిరా?"

"మూలుగు వినలేదూ? ఎవడో మగాడు. గొంతు మీద కాలేసి తొక్కుతున్నారు. నిదానంగా పోతున్నాడు పాపం." పక్కగది వైపు కేకేశాడు. "అమ్మాయ్! ఈ చచ్చినవాడు మీకు తెలిసినవాడేనా?"

ఆమె గుమ్మంలోకి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అది నా గొంతు, పెదనాన్నా."

"నీదా?" అతను రెండు నిమిషాలు గడ్డం గోక్కున్నాడు. "మరి నువ్వు బతికే ఉన్నావు. చూశావా, ఇక్కడే పప్పులో కాలేశారు! హత్య నీదే. చేసింది మీ చెల్లి. పని పూర్తికాలేదు, అంతే. వేలిముద్రలు తీస్తే ఋజువవుతుంది."

"నాలుగున్నర దాటింది. నేను పంపేస్తున్నా." ఆమె వెనక్కి తిరిగింది.

"అమ్మాయ్," అన్నాడు బైండరు. "ఫ్యాక్టరీ ఉత్తరం పంపితే పంపు. రెండోది రేపు పంపొచ్చు కదా."

"రేపైతే గేదె గుర్రమవుతుందా బాబాయ్?"

కుట్టు ఒకసారి తెగితే అదే రంధ్రాల్లో మళ్లీ దారం నిలవదు. ఆ సంగతి చేతిపనివాడికి ఒకరు చెప్పక్కర్లేదు. బైండరు అట్టలు సర్దాడు.

ఈలోగా భూతద్దం జేబులోంచి ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తీశాడు. వేలిముద్రలకు పౌడరు కొడతారని విన్నాడు. ఎంత కొడతారో వినలేదు. యంత్రం తిప్పి, తిరుగుతున్న రికార్డు మీద ముల్లు పెట్టి, డబ్బా మొత్తం బోర్లించాడు.

గది తెల్లబడింది. మబ్బులోంచి గేదె మూలిగింది.

"ఒరేయ్ దరిద్రుడా! ముల్లు పాడవుతుంది!" అని బైండరు లేచాడు.

"ఆగు, ముద్ర పడుతోం... హా... హా..."

తుమ్ము లిఫ్టు తెగిపడ్డట్టు వచ్చింది. భూతద్దం ముందుకు తూలి, పడిపోకుండా యంత్రం అంచు పట్టుకున్నాడు. ఆ అంచున రెండు మీటలున్నాయి. రికార్డు ఎంత వేగంతో తిరగాలో అవి నిర్ణయిస్తాయి. నిమిషానికి ముప్పైమూడు చుట్లది ఒకటి, నలభై ఐదుది ఒకటి. అక్క లేబుల్‌లో పదకొండు రికార్డులూ ముప్పైమూడువే. రెండో మీట జోలికి ఎవరూ పోయిన పాపాన పోలేదు. భూతద్దం బొటనవేలు వెళ్లి దాన్ని నొక్కింది.

గేదె చచ్చింది. మనిషి లేచింది.

"ఆగకు! ఆగకు! ఆగకు!" అని అక్క గొంతు గదిని పట్టి ఊపింది. ఎద్దుబండి రైలై గుద్దింది. అరల్లో రికార్డులు వణికాయి. గమ్ము సీసా తనంతట తానే బల్ల చివరికి నడిచింది.

ఆమె గుమ్మంలోనే బిగుసుకుపోయింది. పాట మొత్తం విన్నది. ముల్లు నడుమకు చేరి టిక్కుటిక్కుమంటుంటే ఫోను తీసి చెల్లెలి నంబరు నొక్కింది. తొందరలో పక్కనే ఉన్న స్పీకరు గుర్తు కూడా నొక్కుకుపోయింది.

"ఏంటి?" అంది చెల్లెలు. రెండేళ్ల తర్వాత మొదటి మాట.

"నలభై ఐదులో కోయించావా?"

"అలా కోస్తే గట్టిగా మోగుతుంది కదా. నీకు చెప్పమన్నాను కోసే ఆయన్ని. చెప్పలేదా? పోనీ నడుమ గీకి ఉంటుందిగా, నలభై ఐదని! చూసుకోలేదా?"

బైండరు భూతద్దం వంక చూశాడు. భూతద్దం పైకప్పును పరిశీలించసాగాడు.

"ముప్పైమూడులో విన్నానే."

"అంటే... నేను కావాలనే అలా చేశాననుకున్నావు."

అక్క వెళ్లి ముల్లును ఎత్తి పక్కన పెట్టింది.

"నూట అరవై పెట్టానక్కా. నిమిషానికి నీకంటే పది దెబ్బలు ఎక్కువ. నీకు నచ్చాలని. చేస్తుంటే నాకే ఆయాసం వచ్చింది."

"తెలుస్తోంది," అంది అక్క. ముఖం మీది పౌడరు రెండు చారలుగా తడిసింది. "బాగుందే. నా దానికంటే బాగుంది."

అంటూనే పక్కగదిలోకి పరిగెత్తి, రెండు ఉత్తరాలూ చెరిపేసి, ఫ్యాక్టరీకి ఒక్క మాట కొట్టి పంపింది: సరే. గడియారం నాలుగూ యాభై రెండు చూపిస్తోంది.

"కేసు తేలిపోయింది!" అని భూతద్దం చెయ్యెత్తాడు. "మీట దగ్గరే ఉందని నాకు మొదటినుంచీ... హా... హాచ్ఛ్!"

"వెనక ఎవరక్కా ఆ తుమ్మేది?" అంది ఫోనులో చెల్లెలు.

"పెదనాన్న. పరిశోధన."

"ఏం కేసు?"

"నన్ను నువ్వు చంపావని."

"పట్టుకున్నారా?"

"లేదు. పరారీలో ఉన్నావట."

అవతల ముక్కు చీదిన చప్పుడు, తర్వాత తలుపు తాళం వేస్తున్న చప్పుడు వినిపించాయి.

"బయల్దేరా. లొంగిపోతున్నానని చెప్పు."