కిషన్ సేటు ఇల్లు పాడుచేసిన పొద్దు

జనగామ పాతబజారులో కిషన్ సేటు ఆ రోజు చేయదలచుకున్న పని చిన్నదే. దుకాణం తీసి, ఉప్పు బస్తాలు దింపించి, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రావాలి. ఎనిమిదిన్నరకు ఫోను మోగింది.

"సేటూ, నా పేరు గణేశ్. పాత ఇండ్ల సర్వే నుంచి మాట్లాడుతున్న. పదకొండింటికి మీ తాతల ఇల్లు చూసేతందుకు వస్తున్న. ఎట్లున్నదో గట్లనే ఉండనియ్యుండ్రి. మా కోసమని సదురుడు గిట్ల పెట్టుకోకుండ్రి."

కిషన్ దుకాణం తాళంచెవులు మళ్లీ మేకుకు తగిలించాడు. ఆ ఇల్లు కూలగొట్టుకుంటానని రెండు నెలల కింద అర్జీ పెట్టాడు. "మా మనిషొచ్చి చూసి, శిథిలమైందని రాస్తేనే కూలగొట్టనిస్తం" అన్నాడు మున్సిపల్ ఆఫీసు గుమాస్తా. ఆ మనిషి ఇతనే అనుకున్నాడు కిషన్. ఆ జాగాలో కిరాయి దుకాణాలకు నాలుగు మడిగెలు వేస్తే దసరాకల్లా దిగుతామని చీరల దుకాణం వాళ్లు మాటిచ్చారు. లేదంటే వెనక బజారు చూసుకుంటామన్నారు. అప్పటినుంచి ఆయనకు కూర్చుంటే లేవాలనీ, లేస్తే కూర్చోవాలనీ ఉంటోంది.

చిక్కల్లా ఇల్లు శిథిలంగా లేకపోవడమే. పన్నెండేళ్ల కింద బిడ్డ నిఖిత పెండ్లికి గోడలన్నిటికీ సిమెంటు పూయించి, పిస్తా రంగు వేయించి, పైన దూలాలు కనబడకుండా తెల్లటి సీలింగు కొట్టించాడు. పక్కన కొత్తిల్లు కట్టుకుని మారినా, ఇది మాత్రం పెండ్లికొడుకులా నిలబడే ఉంది.

మేస్త్రి లింగయ్యను పిలిపించాడు. ఆనాడు ఆ సిమెంటు పూసింది ఆయనే.

"లింగన్నా, పదకొండు గొట్టేసరికి ఇల్లు పాడుగ కనబడాలె."

లింగయ్య బీడీ చెవిమీద పెట్టుకున్నాడు. "నలభై ఏండ్ల సంది కట్టుడే గని, పాడుచేసుడు ఎన్నడు చెయ్యలే సేటూ."

"ఏం నేర్సుకునుడున్నదే అండ్ల? పెచ్చులు కొట్టు!"

"నేను పూసిందే నన్ను కొట్టుమంటవు" అని సణుగుతూ సుత్తె, ఉలి పట్టాడు లింగయ్య.

సిమెంటు పెళ్లలు పెళ్లలుగా రాలింది. కిషన్ సంబరపడి దగ్గరికి వెళ్లి చూసి ఆగిపోయాడు. లోపల గానుగలో నూరిన డంగు సున్నం పూసిన గోడ, కోడిగుడ్డంత నున్నగా ఉంది. తలుపు మీద సున్నంతో చేసిన రెండు చిలుకలు ముక్కూ ముక్కూ ఆనించుకుని బయటికి చూస్తున్నాయి.

"ఇదేందే, కొడుతాంటే మంచిగైతాంది!"

"నేనేం జెయ్యాలె? మీ ముత్తాత గట్ల కట్టిచ్చిండు."

"అయితే సీలింగు పీకు!"

సీలింగు పీకితే దుమ్ముతో పాటు టేకు దూలాలు బయటపడ్డాయి. దూలం దూలానికీ చెక్కిన తామరపువ్వు. కిషన్ చెమటలు తుడుచుకుని, వంటింట్లోకి పోయి మసి కలిపిన నీళ్ల బకెట్ తెచ్చి గోడ మీద గుమ్మరించాడు. నున్నటి గోడ మీద మసి నిలవలేదు. సగం జారి కిందికొచ్చింది, సగం ఆయన పంచె మీదికొచ్చింది.

భార్య భాగ్యలక్ష్మి వాకిట్లో నిలబడి అంతా చూసింది. "నేను గోడ కడుగుమంటే పన్నెండేండ్ల సంది కడుగలే. ఇయ్యాల మసితోని కడుగుతాండ్రు. పోనీ, ఆ వచ్చేటాయన ఎవరో, ఎందుకొస్తాండో అడిగిండ్రా?"

"నీకు తెల్వది, జర ఊకో."

గణేశ్ పదింటికే దిగాడు. చేతిలో టేపు, మెడలో కెమెరా. లోపల అడుగుపెట్టి నోరు తెరిచాడు.

"నిన్న బజార్ల నుంచి పోతా చూసిన సేటూ. సిమెంటు, రంగు చూసి లిస్టుల కెళ్లి కొట్టేద్దామనుకున్న. ఎందుకైనా మంచిదని ఒక్కసారి ఫోన్ చేసిన. ఎంత పాతదిది?"

పాతదన్న మాట వినగానే కిషన్‌కు ప్రాణం లేచొచ్చింది. "నూటయాభై ఏండ్లు! రుజువు కావాల్నా?" అంటూ పరుగెత్తి, పెట్టెలోంచి ముత్తాత నాటి ఉర్దూ కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. "ఇగ చూడుండ్రి, ఒక్కటంటె ఒక్కటి కొత్తది లేదు!"

గణేశ్ గోడ మీద వేలితో కొట్టి చెవి ఆనించాడు. "మాది రేగొండ దిక్కు తండా. మా తాత పూల్‌సింగ్ డంగు సున్నం గానుగకు ఎడ్లు తోలెటోడు. ఈ సప్పుడు నాకు ఎరుకే." గంటసేపు కొలిచాడు, ఫొటోలు తీశాడు, రాసుకున్నాడు. "ఫస్టు గ్రేడు రాస్తున్న సేటూ."

"ఫస్టా! పనెప్పుడు మొదలువెడుతరు?"

"మా ఇంజినీరు చూసినంక. మీరైతే దేనికీ చెయ్యి వెట్టకుండ్రి. అంత మేమే చూసుకుంటం."

కూలగొట్టే ఖర్చు కూడా వాళ్లదేనని కిషన్ కళ్లు చెమ్మగిల్లాయి. చాయ్ తెప్పించాడు. గణేశ్ చూపించిన మూడు చోట్లా సంతకం పెట్టాడు. లింగయ్యతో సాక్షి సంతకం చేయించాడు.

"కాయితం చదివిండ్రా?" అంది భాగ్యలక్ష్మి.

"శుభం పలుకవు గదా నువ్వు!"

గణేశ్ బండి సందు మలుపు తిరిగాక ఆమె నకలు తీసుకుని పైకి చదివింది. "ఈ ఇంటిని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చుటకు నాకు పూర్తి సమ్మతము. దీనిని కూల్చను, మార్చను, రంగు వేయను."

కిషన్ బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. రెండు నెలల్లో మొదటిసారి లేవాలనిపించలేదు.

"నేను పూసిన సిమెంటు అట్లనే ఉంటే ఆ పిల్లగాడు ఎనకకే పోతుండె" అన్నాడు లింగయ్య, చెవిమీది బీడీ తీసుకుంటూ. "పాడుచేసుడు నాకు రాదని ముందుగాలనే జెప్పిన."

దసరాకు చీరల దుకాణం వెనక బజారులో తెరిచారు. ఆ వారమే కిషన్ ఇంటికి ఒక ఇనుప బోర్డు వచ్చింది. "రక్షిత కట్టడం. గోడలకు మేకు కొట్టరాదు." దాన్ని దేనికి తగిలించాలో మాత్రం అందులో రాయలేదు.