ఒకటో నంబరు రామాంజులన్న

“ఈ వీధి నా ఇల్లు. నా ఇంట్లో నెట్టు ఉంటే మీ ఇంట్లో ఉన్నట్టే. ఈ పొద్దు నుంచి వీధి మొత్తానికీ వైఫై ఉచితం!”

వార్డు ఇన్‌ఛార్జి రామాంజులన్న తన మేడ మీద నిలబడి ఈ చరిత్రాత్మక ప్రకటన చేయగానే ప్రొద్దుటూరులోని ఆ వీధి చప్పట్లతో మారుమోగింది. ఎదురింటి మసరత్ కూడా కొట్టింది. కొడుతూనే, అంతమంది ఎక్కిన ఆ మేడ కూలదు కదా అని భయపడింది. ఫ్యాను తిరిగితే ఊడిపడుతుందని, ఆగితే కాలిపోయిందని భయపడే మనిషి ఆమె.

మొదటి వారం నెట్టు దివ్యంగా వచ్చింది. అదే ఇబ్బంది అయింది. వైఫైకి తగిలిన ప్రతి ఫోనుకూ మేడ మీద బిగించిన రౌటర్ బాక్సే తనంతట తాను ఒక నంబరు ఇచ్చేస్తోంది. దాన్ని ఐపీ అడ్రస్ అంటారు. ఇంటికి డోర్ నంబరు ఎలాగో, ఫోనుకు అది అలాగ. ఈ సంగతిని అన్న అనుచరుడు ఖాజా కనిపెట్టి చెవిన వేశాడు.

“నా ఇంట్లో నాకు చెప్పకుండా పంచేదానికి అదెవరప్పా?” అని అన్న మండిపడ్డాడు. “అడక్కుండానే ఇచ్చేస్తే ఇచ్చినోడు గుర్తుంటాడా? ఆపెయ్ ఆ ఆటోమేటిక్!”

అలా ఐపీ పట్టాల పంపిణీ మహోత్సవం జరిగింది. షామియానా వేశారు. ఇంటి స్థలాల పట్టాల మాదిరే అన్న బొమ్మ వేసిన అట్ట మీద నంబరు రాసి, ఫోటో తీసి, చేతికిచ్చారు. ఆ నంబర్లను ఖాజా స్వయంగా ఫోన్లలో ఎక్కించాడు.

మసరత్ బిస్మిల్లా నంబరు అడిగింది. “786 ఇయ్యప్పా ఖాజా.”

“అంతదూరం పోదక్కా. 254 కాడ ఆగిపోతాది. 86 తీసుకో.”

ముందున్న ఏడు ఎగిరిపోయిందే, ఏం కీడు మూడుతుందోనని ఆమె ఇంటికొచ్చి దువా చేసుకుంది.

ఒకటో నంబరు సహజంగానే రామాంజులన్న తీసుకున్నాడు. అది అప్పటికే బాక్సు పెట్టుకున్న నంబరు. కానీ బాక్సు వార్డు ఇన్‌ఛార్జి కాదు గదా!

నంబరు కింద సబ్‌నెట్ మాస్క్ అని ఇంకో గడి ఉంది. అందులో 255 మూడుసార్లు, చివర ఒక సున్నా. సున్నాను చూసి అన్న ముఖం మాడ్చుకున్నాడు. “చివర సున్నా ఏంది? డిపాజిట్ పోయినట్టు! ఆడ కూడా 255 కొట్టు. పేదోళ్ళకు ఇచ్చేటప్పుడు నిండుగా ఇయ్యాల.”

నిండుగా ఇచ్చారు. నెట్టు ఆగిపోయింది.

ఇది ప్రతిపక్షాల కుట్ర అని అన్న ఖండించాడు. వీధివాళ్ళు కూడా ఖండించారు. మసరత్‌కు మాత్రం ఖండించే ఓపిక లేదు. ఆమె కూతురు సాజిదాకు బెంగుళూరు కంపెనీ ఇంటర్వ్యూ గురువారం పదకొండింటికి, ల్యాప్‌టాప్‌లోనే. ఇరుకు సందు కావడంతో ఫోన్ సిగ్నల్ వాళ్ళ గడప దాటి లోపలికి రాదు. ఇంటర్వ్యూ పోతే పిల్ల దిగులు పడుతుంది, దిగులు పడితే అన్నం మానేస్తుంది, మానేస్తే జ్వరమొస్తుంది. మసరత్ మనసులో అప్పటికే పిల్లకు సెలైన్ ఎక్కుతోంది.

తల్లీకూతుళ్ళు మేడ ఎక్కారు.

“అన్నా, ఆ సున్నా ఉంటేనే ఫోన్లూ బాక్సూ ఒక వీధి వాళ్ళమని తెలుసుకుంటాయి,” అంది సాజిదా. “255 పెడితే ఎవురింట్లో వాళ్ళు తలుపేసుకున్నట్టే.”

“సరేలేమ్మా, పరిశీలిస్తాం.”

“ఇంకోటన్నా. మీ ఫోనూ ఒకటే, బాక్సూ ఒకటే. ఇద్దరూ నేనే ఒకటంటే మా ఫోన్లు ఎవురి మాట వినాల? మీరు రెండు తీసుకోండి, సరిపోతాది.”

ఖాజా కుర్చీలోంచి లేచాడు. “అన్నను రెండో స్థానంలో పెడతాండావా పాపా? ఎవురు నేర్పించినారు నీకు?”

మసరత్‌కు రేషన్ కార్డు, తన వితంతు పింఛను, పోలీస్ స్టేషన్ వరుసగా కళ్ళ ముందు తిరిగాయి. కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

“అమ్మీ, నేను ఉండే మాటే చెప్పినా.”

“ఉండే మాట పెద్దోళ్ళకు చెప్తారా? నోరు మూసుకో!”

సాజిదా నోరు మూసుకునే తమ ల్యాప్‌టాప్‌లోనూ, వీధివాళ్ళందరి ఫోన్లలోనూ చివర సున్నా పెట్టేసింది. అయినా నెట్టు రాలేదు. ఒకటో నంబరు ఫోనుతో అన్న ఇంట్లోనే ఉన్నాడు.

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు మసరత్ ఒంటరిగా మేడ ఎక్కింది. సాజిదాకు సెలైన్ ఎక్కే దృశ్యం వెనకనుంచి నెడుతోంది.

“అన్నా, జమ్మలమడుగోళ్ళు ఏడుస్తాండారు.”

“ఏమంట?”

“రామాంజులన్న ఆ ఒక్క వీధికేనా, మాకు కాదా అని. మా చుట్టాలు చెప్పినారు. గండికోట కాడికి పోయి ఒక్క మాట మాట్లాడితే వాళ్ళ మనసు చల్లబడతాది. ఈ పొద్దే పోతే మంచిదన్నా. ఇప్పుడే పోతే ఇంకా మంచిది.”

అన్న కండువా సర్దుకున్నాడు. “ఖాజా, బండి తియ్!”

బండి వీధి మలుపు తిరిగింది. అన్న జేబులోని ఒకటో నంబరు వైఫైకి దూరమైంది. అంతే, వీధిలోని ఫోన్లన్నీ టింగుటింగుమన్నాయి. సాజిదా ఇంటర్వ్యూలో నవ్వుతూ మాట్లాడుతుంటే, అన్న బండికి పంక్చరై వెనక్కి వస్తాడేమోనని తల్లి గుమ్మంలో కాపలా కాసింది.

సాయంత్రం అన్న తిరిగొచ్చాడు. నెట్టు పోయింది.

విషయం వీధికి అర్థమైంది. మర్నాడు కరెంటు బిల్లు కట్టాల్సిన కృష్ణమ్మ వచ్చి, బ్రహ్మంగారిమఠం భక్తులు అన్న దర్శనం కోరుతున్నారంది. ఆ తర్వాత దర్జీ నయీం వచ్చి, సింహాద్రిపురం రైతులు కలవరిస్తున్నారన్నాడు. సాజిదా రెండో రౌండ్ నాడు వీధి మొత్తం దండలతో వచ్చి అన్నను బండి ఎక్కించింది. ఇంతటి ప్రజాదరణ తట్టుకోలేక అన్న కర్చీఫుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

పార్టీ పెద్దలు వాట్సాప్ కాల్స్‌తో సర్వే చేయించారు. సర్వే చేసేవాళ్ళకు వీధివాళ్ళు దొరికేది అన్న టూర్‌లో ఉన్న రోజుల్లోనే. ఆ రోజుల్లో ‘నెట్టు ఎట్లుంది?’ అంటే అందరూ ‘బ్రహ్మాండం’ అనేవారు. అంత సంతృప్తి జిల్లాలో మరే వీధిలోనూ కనిపించలేదు. దాంతో రామాంజులన్నను పులివెందులలో ఇంటింటి ఇంటర్నెట్ పథకానికి పర్యవేక్షకుడిగా నియమించారు. కాపురం కూడా అక్కడే. మేడ మీది బాక్సును వీధికి జ్ఞాపకంగా వదిలి వెళ్ళాడు.

వీడ్కోలు సభలో అందరూ ఏడ్చారు. మసరత్ అందరికంటే ఎక్కువ ఏడ్చింది. పక్కనే సాజిదా బెంగుళూరు ఉద్యోగం వచ్చిందని స్వీట్లు పంచుతోంది.

అన్న బండి కనుమరుగు కాగానే మసరత్ ఇంట్లోకి పరుగెత్తి, పులివెందులలో ఉండే చెల్లెలు మాబున్నికి వాట్సాప్‌లో ఫోన్ చేసింది.

“మాబున్నీ, మా రామాంజులన్న మీ ఊరికి బయలుదేరినాడు. శానా గొప్పోడు. నెట్టులో ఏమన్నా పనుంటే గబగబా చేసుకో. ఇంకా దారిలోనే ఉన్నాడు.”