కుర్చీలోంచి పరిశీలన

ఆ ఆదివారానికి ఇల్లాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. వంటింటి గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, రోజంతా ఇంట్లోవాళ్లను చూస్తూ కూర్చోవాలి. అంతే. పెళ్లితో ఆగిపోయిన బీఏని, కూతురు కాలేజీలో చేరాక ఆమె మళ్లీ మొదలుపెట్టింది. ఆదివారం క్లాసులకు తిరిగి తిరిగి చివరి ఏడాది దాకా ఈడ్చుకొచ్చింది. మిగిలింది సోషియాలజీ ప్రాజెక్టు ఒక్కటే. అది పోతే డిగ్రీ పోయినట్టే. మళ్లీ మొదలుపెట్టే ఓపిక తనకు లేదని ఆమెకు తెలుసు.

ప్రాజెక్టు పేరు ‘ఇంట్లో పని ఎవరు చేస్తారు?’ పద్ధతి పేరు పాల్గొనని పరిశీలన. అంటే చూడాలే గానీ వేలు పెట్టకూడదు. “మీరు చూస్తున్నారని వాళ్లకు తెలియకూడదండీ. తెలిస్తే మామూలుగా ఉండరు. మామూలుగా లేకపోతే ప్రాజెక్టు చెల్లదు” అని ప్రొఫెసరమ్మ మరీ మరీ చెప్పింది. ఇల్లాలు శ్రద్ధ గల విద్యార్థిని. నోరు విప్పడం కూడా వేలు పెట్టడమేనని సొంతంగా ఒక అర్థం చెప్పుకుంది. అక్కడే కొంప మునిగింది.

ముందు లేచింది అత్తగారు. “అమ్మాయ్, టీ అయిందా?”

కోడలు తల కాస్త పక్కకు వంచి, ఆవిడ చేతులకేసి తదేకంగా చూసింది. అత్తగారు కూడా తన చేతులు ఒకసారి చూసుకుంది. తర్వాత మోకాళ్ల నొప్పి మరిచిపోయి కొడుకు గదిలోకి పరుగెత్తింది.

“ఒరేయ్, లే! నీ పెళ్లానికి కోపమొచ్చింది.”

“ఎందుకొచ్చింది?”

“నన్నడుగుతావేంట్రా? ఏం వెలగబెట్టావో నీకు తెలీదూ!”

భర్త కళ్లు నులుముకుంటూ వచ్చి నిలబడ్డాడు. “ఏమోయ్, ఒంట్లో బాగాలేదా? నిన్న లేటుగా వచ్చాననా?” రెండు ప్రశ్నలకూ ఒకటే చూపు. ఆమె లేచి గదిలోకి వెళ్లి, తలుపేసుకుని, చూసిందంతా గబగబా రాసుకుని మళ్లీ వచ్చి కూర్చుంది. లోపల ఏడ్చి వచ్చిందని బయట అందరికీ అర్థమైపోయింది.

ఇక ఇల్లు కదిలింది. కూతురు నిద్రమొహంతోనే చీపురు పట్టింది. అత్తగారు ఆరిన బట్టలు మడత పెట్టింది. చక్కెర ఎక్కడుంటుందో తెలియక భర్త అల్మారాలో డబ్బాలన్నీ కిందికి దింపాడు. ఈలోగా పాలు పొంగి స్టవ్వంతా పారాయి. ఇల్లాలు కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది. రోజూ ఒక్కరూ గరిటె ముట్టరు కదా, సరిగ్గా ఇవాళే వీళ్లకేం పోయేకాలం వచ్చింది? ‘మామూలుగా ఉండండి బాబూ, నా డిగ్రీ!’ అని అరవాలనిపించింది. అరవకూడదు. చూసింది.

ఆ చూపుకు తట్టుకోలేక భర్త గిన్నెలు తోమడానికి దిగాడు. భయం కొద్దీ కుళాయిని ఎంత గట్టిగా తిప్పాడంటే, అది ఊడి చేతికొచ్చింది. నీళ్లు ఎగిరి అతని మొహాన కొట్టాయి.

“అమ్మా, ఎలా ఆపాలి?” కూతురు కేక పెట్టింది.

వాల్వు ఎక్కడుందో ఆ ఇంట్లో తెలిసింది ఇల్లాలికే. లేవబోయింది. పాల్గొనకూడదు కదా! వంటిల్లు నిండి నీళ్లు కుర్చీ దగ్గరికొచ్చాయి. ఆమె కాళ్లు పైకి తీసి కుర్చీలో బాసింపట్టు వేసుకుంది.

అది చూశాక ముగ్గురి ధైర్యమూ చచ్చిపోయింది. “అమ్మా, నీ సోషియాలజీ పుస్తకం మీద కూర ఒంపింది నేనే” అంది కూతురు, ఏడుపు గొంతుతో. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అమ్మాయ్, నువ్వు క్లాసుకెళ్లిన రోజు నాకు మోకాళ్ల నొప్పి ఉండదు. నువ్వింట్లో ఉంటేనే వస్తుంది.”

మిగిలింది భర్త. చేతిలో కుళాయి, నెత్తిన నీళ్లు. “నీకెవరో చెప్పేశారు కదూ? ఈ వయసులో చదువేంటని నవ్వుతారని, ఆఫీసులో నువ్వు కుట్టు క్లాసుకి వెళ్తున్నావని చెప్పాను. మేనేజరు కర్టెన్లు కుట్టిపెట్టమన్నాడు. సరేనన్నాను. గుడ్డ మంచం కింద ఉంది.”

“కుట్టా?” అంది ఇల్లాలు. ఆ రోజుకు అదే మొదటి మాట.

ఆమె నీళ్లలోకి దిగి, వంటగట్టు కింద చెయ్యి పెట్టి వాల్వు కట్టేసింది. ప్రాజెక్టు సంగతి చెప్పింది. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

“అంటే నీకు కోపం లేదా?” భర్త ఆశగా అడిగాడు.

“లేదు. ఇప్పుడొచ్చింది. చదువుకునే నాకు లేని సిగ్గు మీకెందుకండీ? ఇన్నేళ్లకు నేను నాకోసం చేసుకున్న పని ఇదొక్కటే. దాన్ని కూడా దాచిపెట్టారు.”

అతను తలవంచుకుని పాత గుడ్డ తెచ్చి నీళ్లు తుడిచాడు.

మర్నాడు ఆమె ప్రొఫెసరమ్మ ముందు నిలబడి అంతా చెప్పేసింది. “ఇక చెల్లదు కదండీ?”

ప్రొఫెసరమ్మ కళ్లజోడు తుడుచుకుంది. “పని ఎవరు చేస్తారనే కదా మీరు చూడబోయింది? ఒక్కపూట చెయ్యి తీసేస్తే ఇల్లు నిజంగానే మునిగింది. ఇంతకంటే రుజువేం కావాలి? మీరు నోరు మూసుకుంటే వాళ్లెందుకు మారిపోయారో అది కూడా కలిపి, జరిగింది జరిగినట్టు రాయండి. కర్టెన్ల సంగతి మాత్రం వదలకండి.”

ఆమె వదల్లేదు. పాసైంది. ఆ రోజు భర్త ఆఫీసంతా తిరిగి, మా ఆవిడ డిగ్రీ పూర్తి చేసిందని తనే చెప్పాడు. మేనేజరు అభినందించి, మరి మా కర్టెన్ల మాటేంటన్నాడు. ఇంటికొచ్చి ఆ ముక్క చెబితే, పట్టభద్రురాలు పుస్తకంలోంచి తలెత్తలేదు.

“మాటిచ్చింది మీరు. కుట్టేదీ మీరే.”

ఇప్పుడు ప్రతి ఆదివారం అతను కుట్టు క్లాసుకు వెళ్తున్నాడు. ఆఫీసులో మాత్రం డిగ్రీ చదువుతున్నానని చెబుతున్నాడు.