మా లచ్చికి తోడేలు వేషం

టీవీల్లో నిజమైన జంతువులను చూపించడం వెంటనే నిషేధించాలి! అడవి కార్యక్రమాలన్నీ మేకప్‌తో, దారంతో, కంప్యూటర్‌తోనే తీయాలి. ఇది నా గట్టి అభిప్రాయం. నలుగురిలో నోరు విప్పని దాన్ని కాబట్టి కాగితం మీదే గట్టిగా చెప్తున్నాను.

అడవి కార్యక్రమాల్లో కల్తీ జరుగుతోందనీ, ఉన్నది ఉన్నట్టు చూపించాలనీ కొందరు మేధావులు గోల చేస్తున్నారట. ఆ మేధావులు ఏనాడైనా ఒక జంతువును పొద్దంతా చూశారా? నేను చూశాను. కోదాడ పక్కన అనంతగిరికి దగ్గరలో మా పల్లె. మాది గొర్రెల ఇల్లు. జంతువుల జీవిత రహస్యం నాకు బాగా తెలుసు. అవి నములుతాయి. నమిలి పడుకుంటాయి. పడుకుని కూడా నములుతాయి! దీన్ని గంటసేపు చూపిస్తే కేబుల్ కనెక్షన్ ఎవరైనా ఉంచుకుంటారా?

పులి ఇంకా అన్యాయమట. రోజులో చాలా భాగం నిద్రేనట. నిద్రపోయేవాళ్ళను చూడటానికి టీవీ ఎందుకు? మధ్యాహ్నం పూట కోదాడ బస్సెక్కితే చాలదా?

అందుకే టీవీ వాళ్ళు కష్టపడుతున్నారు. ఆ కష్టం మనం గుర్తించడం లేదు. మొన్న ఒక చిరుతపులి జింకను తరిమింది. జింక పరుగు మొదలుపెట్టినప్పుడు గడ్డి పచ్చగా ఉంది. దొరికే వేళకు గడ్డి ఎండిపోయింది! పాపం, ఎన్ని నెలలు పరిగెత్తిందో! నిజమైన జింకకు అంత ఓపిక ఉంటుందా?

చీమలు నడుస్తుంటే టక్ టక్ మని చప్పుడు వినిపించింది. మా ఇంటి చీమలు ఇంతవరకు చెప్పులు వేసుకోలేదు. టీవీ చీమల సంగతే వేరు. ఇంకోసారి, "మనిషి కన్ను ఎన్నడూ చూడని గుహలోకి ఎలుగుబంటి మొదటిసారి అడుగుపెడుతోంది" అని చెప్పారు. ఎలుగుబంటి వచ్చేది ఎదురుగా కనిపిస్తోంది. అంటే కెమెరా గుహ లోపలే ఉంది! అతిథి కంటే ముందే వెళ్ళి, లైట్లు పెట్టి, ఎదురుచూసిన ఆ కెమెరామన్ మర్యాదకు దండం పెట్టాలి కదా!

ఇంత గొప్ప కళ పోయిన చలికాలంలో మా పల్లెకే జీపులో దిగింది.

హైదరాబాదు నుంచి ఒక టీవీ బృందం వచ్చింది. నల్లమల తోడేళ్ళ మీద కార్యక్రమమట. మరి నల్లమలకే వెళ్ళొచ్చు కదా అని మీకు అనుమానం రావచ్చు. మాకూ వచ్చింది. నల్లమలలో ఏసీ లాడ్జి లేదట, కోదాడలో ఉందట. ఇంతకన్నా శాస్త్రీయ కారణం ఏం కావాలి?

డైరెక్టర్ పేరు సాగర్. ఆయనా ఆయన మనుషులూ మా గుట్ట వెనక కెమెరాలు పెట్టుకుని తోడేలు కోసం కాచుకున్నారు. తోడేలు రాలేదు. తనకు షూటింగ్ ఉందని దానికి ఎవరూ చెప్పినట్టు లేదు. విసిగిపోయిన సాగర్ గారి కన్ను మా వాకిట్లో పడుకున్న లచ్చి మీద పడింది.

లచ్చి మా మందకు కాపలా కుక్క. బూడిద రంగు. నిలబడే చెవులు. అప్పుడే నాలుగు పిల్లలను పెట్టిన బాలింత.

"కాటయ్య గారూ, మీ కుక్కని ఒక్కపూట మాకిస్తారా? తోడేలుగా చూపిద్దాం" అన్నారు సాగర్ గారు మా నాయనతో.

మా నాయన పడీ పడీ నవ్వాడు. "గది తోడేలేంది సారూ! గొర్రెపిల్ల దగ్గితే నిద్ర వోదు గది."

"అదంతా మేం చూసుకుంటామండీ. మీరు కుక్కని పట్టుకోండి చాలు."

లచ్చికి మేకప్ మొదలైంది. వెంట్రుకలను ఎదురు దువ్వి నూనె రాసి నిలబెట్టారు. మూతికి మసి పూశారు. అన్నీ కుదిరాయి కానీ తోక కుదరలేదు. తోడేలు తోక కిందికి వేలాడాలట. లచ్చి తోక పైకి చుట్టుకుని ఉంటుంది. ఎన్నిసార్లు కిందికి లాగినా మళ్ళీ చుట్టుకుంది. సాగర్ గారు తల పట్టుకున్నారు. అప్పుడు మా నాయనలోని కళాకారుడు నిద్రలేచాడు. ట్రాక్టర్ నట్టు ఒకటి వెతికి తెచ్చి, సన్న దారంతో లచ్చి తోక చివర కట్టాడు.

"ఇగ సూడున్రి సారూ, తోక దిగింది!"

బృందమంతా చప్పట్లు కొట్టింది. మా నాయన వారం రోజులు అదే మాట ఊరంతా చెప్పుకున్నాడు.

ఇక వేట సీను. లచ్చి ముందు ఒక గొర్రెపిల్లను వదిలారు. లచ్చికి వేట ఎక్కడ వచ్చు? పిల్లను చూడగానే నాకడం మొదలుపెట్టింది. అది దాని ఉద్యోగం! నాకి వెంటనే వదిలేయకుండా ఉండాలని పిల్ల మెడకు ఎండుచేపల పులుసు పూశారు. ఇంకేం, లచ్చి ఆ మెడను వదిలితే ఒట్టు. గొర్రెపిల్ల హాయిగా కళ్ళు మూసుకుంది. ఒక కుర్ర అసిస్టెంట్ మైకు దగ్గర కూర్చుని ముల్లంగి దుంపను కరకర నమిలాడు. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

కార్యక్రమం వచ్చిన ఆదివారం అందరం పక్కింటి దేవమ్మ ఇంట్లో చేరాం. ఆ రోజు కరెంటు కూడా పోలేదు. అది మొదటి అద్భుతం.

రెండో అద్భుతం మా గుట్ట. దాని మీంచి జలపాతం దూకుతోంది! ఆ నీళ్ళే నిజంగా ఉంటే మా ఊరోళ్ళు ఇన్ని బోర్లు ఎందుకు వేసేవాళ్ళు? పట్టపగలు తీసిన సీనులో గంపంత చంద్రుడు వెలుగుతున్నాడు. ఆ వెన్నెల్లో లచ్చి నడిచి వచ్చింది. కళ్ళు పచ్చ బల్బులు. పళ్ళు కొడవళ్ళు. వెనక డప్పులు. బావిలోంచి మాట్లాడినట్టు ఒక గొంతు: "గుంపు నుంచి వెలివేయబడిన ఈ ఒంటరి మగ తోడేలుకు ఇప్పుడు కావలసింది ఒక్కటే... రక్తం!"

ఆ సమయానికి ఆ ఒంటరి మగ తోడేలు దేవమ్మ గడప అవతల పడుకుని పిల్లలకు పాలిస్తోంది.

తర్వాత లచ్చి గొర్రెపిల్ల మెడ మీద నోరు పెట్టింది. ఎముకలు కరకర విరిగాయి. ముల్లంగి మహిమ! గొర్రెపిల్ల కళ్ళు మూసుకుంది. "మృత్యువు!" అంది ఆ గొంతు. మా అమ్మ నన్ను గట్టిగా వాటేసుకుంది.

"అమ్మా, అది మన లచ్చే" అన్నాను.

"లచ్చైతే ఏంది? ఎట్ల పీక్క తింటుందో సూడు ముండ!"

మా నాయన సంగతి చెప్పనా? తోకకు నట్టు కట్టిన మా నాయన! చంకలో గొర్రెపిల్లను పట్టుకుని కెమెరా ముందు వదిలిన మా నాయన! దిగ్గున లేచి నిలబడ్డాడు. "ఓర్నీ, పిల్ల వాయె! కట్టె తేన్రి!" అని అరిచాడు.

అయ్యా, మేధావులూ! మీ నిజం ఎప్పుడైనా మనిషిని ఇలా లేపి నిలబెట్టిందా?

ఈ కళ వల్ల కలిగిన అసలు మేలు ఎండాకాలంలో తెలిసింది.

యాసంగి వరి కోయగానే ఏటా మా నాయన మందను మిర్యాలగూడ వైపు, కాలువ కింది పొలాలకు తోలుకుపోతాడు. అక్కడి రైతులు మందను రాత్రుళ్ళు తమ పొలాల్లో పడుకోబెట్టించుకుంటారు. గొర్రెల పెంట నేలకు ఎరువు. బదులుగా మాకు వడ్లు ఇస్తారు. వానాకాలమంతా మేం తినేది ఆ వడ్లే. కోసిన పొలంలో గోడ ఉండదు, కంచె ఉండదు. గొర్రెల చుట్టూ తిరిగే లచ్చి ఉంటుంది.

ఎప్పటిలాగే మందను పిలవడానికి రామలింగయ్య పటేల్ మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఆయన పొలంలోనే మా మంద మొదట దిగేది. వాకిట్లో లచ్చిని చూసి, బండి స్టాండు కూడా వేయకుండా ఆగిపోయాడు.

"కాటయ్యా... గిది నీ ఇంట్లనే ఉందా?"

"ఏది పటేలా?"

"టీవీల తోడేలు!"

"అయ్యో, మన లచ్చి పటేలా! ఏటా నీ పొలంల పండుకుంటలేదా?"

"గదే నా భయం! ఇన్నేండ్లు ఎంత నమ్మించింది సూడు!"

లచ్చి పాత పరిచయం కొద్దీ తోక ఊపుతూ ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన బండి వెనక్కి నక్కాడు.

"తోక జూడు, ఎట్ల యాక్షన్ జేస్తున్నదో!"

మా అమ్మ రాములమ్మ ఊరుకోలేదు. "టీవీల మగ తోడేలన్నరు గదయ్యా. గిది పిల్లల తల్లి. కండ్ల ముంగటనే పిల్లలు ఎంట తిరుగుతున్నయి, కనవడ్తలేవా?"

"మనల మోసం జేయనీకి ఆడవేషం కట్టింది చెల్లే!"

మా నాయన ఇంట్లోకి పరిగెత్తి ట్రాక్టర్ నట్టు తెచ్చాడు. "ఇగో పటేలా, నా చేతులతోని తోకకు గట్టిన. గందుకే తోక దిగింది."

పటేల్ ఆ నట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. "నట్టు జూపి కథలు చెప్తవా? అంత పెద్ద టీవోళ్ళకు అబద్ధమాడే కర్మేంది? మంద రావాలె. గది రావొద్దు. మా ఊరోళ్ళు దీన్ని సూస్తె కట్టెలతోని కొట్టి సంపుతరు. తర్వాత నన్ననొద్దు."

చూశారా! ఇన్నేళ్ళు ఉత్త కుక్కగా బతికిన మా లచ్చికి ఎంత హోదా!

వడ్లు కావాలి కదా. మంద వెళ్ళింది. లచ్చిని గుంజకు కట్టేశాం. గొర్రెలు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా చూసి, అది మెడ ఎత్తి ఏడుపు అందుకుంది. దేవమ్మ పరిగెత్తుకొచ్చింది. "విన్నరా? గట్ల ఊళ వెట్టేది తోడేలే!"

తర్వాత మా నాయన సెల్‌ఫోన్‌లో చెప్పిన సంగతులు మీకు చెప్తాను. మీరు సంతోషిస్తారు.

ఒక సాయంత్రం కాలువ కట్ట మీద ఒక జంతువు కనిపించింది. బక్కగా, దుమ్ము కొట్టుకుని, ఒక కాలు కుంటుతూ ఉంది. చంద్రుడు లేడు. డప్పుల్లేవు. కళ్ళు మామూలు కళ్ళు. "పాపం, ఎవరి కుక్కనో ఆకలి మీదున్నది" అని రామలింగయ్య పటేల్ తన సద్దిలోంచి ఒక జొన్నరొట్టె వేశాడు. అది తిన్నది. తెల్లారేసరికి మందలో ఒక పిల్ల లేదు.

ఆ ఊరంతా ఒక్క క్షణంలో నేరస్థురాలిని పట్టేసింది. ఎవరనుకున్నారు? లచ్చి! ఇక్కడ గుంజకు కట్టి ఉన్న లచ్చి, తాడు విప్పుకుని, మిర్యాలగూడ దాకా వెళ్ళి, పిల్లను తిని, తిరిగొచ్చి, తాడు మళ్ళీ కట్టుకుందట! టీవీలో చేసిన దానికి ఇదొక లెక్కా?

మరునాడు ఆ బక్క జంతువు మళ్ళీ వచ్చింది. మళ్ళీ రొట్టె తిన్నది. ఈసారి చీకటి కూడా పడకముందే మందలో దూరి, ఒక పిల్లను కరుచుకుని కట్ట ఎక్కింది. మా నాయన కళ్ళారా చూసి "తోడేలు! తోడేలు!" అని కేకలు వేశాడు.

పటేల్ పరిగెత్తుకొచ్చాడు. "యాడ? యాడ?"

"గదిగో పటేలా, కట్ట మీద!"

"గదా? గది మన కుక్కనే కాటయ్యా! దినాం రొట్టె వెడ్తున్న. పిల్ల తప్పిపోతె పట్టుకొస్తున్నది కావచ్చు, జర ఆగు."

ఆగారు. అది తిరిగి రాలేదు.

"పటేలా, నీ కాల్మొక్త, లచ్చిని తెప్పిస్త" అన్నాడట మా నాయన.

"ఒక తోడేలుతోనే పరేషాన్ ఉంటే ఇంకోటి దెస్తవా?" అన్నాడట పటేల్.

ఇప్పుడు మంద అక్కడుంది, లచ్చి ఇక్కడుంది. గొర్రెపిల్లలు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. మా నాయన ఫోన్ చేసిన ప్రతిసారీ ముందు నన్ను అడిగేది "లచ్చి తిన్నదా?" అనే. తినడం లేదని నేను చెప్పను.

అందుకని సాగర్ గారూ, ఈ పత్రిక మీరు చదువుతుంటే, దయచేసి జీపు వేసుకుని ఇంకొక్కసారి రండి. మిమ్మల్ని తిట్టడానికి కాదు, ఒట్టు! ఇంకో కార్యక్రమం తీయడానికి. అందులో మా లచ్చికి కుక్క వేషం వేయండి. నట్టు అక్కర్లేదు, తోక దానంతటదే చుట్టుకుంటుంది. నమ్మకం కుదరదనుకుంటే కంప్యూటర్‌లో ఇంకో రెండు చుట్లు చుట్టండి. జలపాతం కావాలంటే పెట్టుకోండి, ఇద్దరు చంద్రులను పెట్టుకోండి, మాకు అభ్యంతరం లేదు. ఆ బావి గొంతు సారుతో మాత్రం ఒక్క మాట చెప్పించండి: "ఇది కుక్క." మేమందరం చెప్పి చూశాం. మా గొంతులు సరిపోవడం లేదు.

జర జల్ది రండి సార్. పటేల్ నిన్నటి నుంచి ఆ రొట్టెకు నెయ్యి కూడా రాస్తున్నాడట!