నూటికి నూరు శాతం రక్షణ

మా కార్యాలయంలో అందరూ టీకాలు వేయించుకున్నారు గనుక ఇకపై జబ్బు మా మెట్లెక్కదని పెద్ద సారు ఉత్తర్వు జారీ చేశారు. దాని నకలు జబ్బుకు పంపారో లేదో తెలియదు.

పటాలు గీసే అక్కయ్యకు మాత్రం ఆ ఉత్తర్వు మీద గురి కుదరలేదు. ఆవిడకు రక్త క్యాన్సరు. మూడు డోసులూ వేయించుకున్నా, పరీక్షలో రక్షణ దాదాపు సున్నా అని తేలింది.

"టీకా మంచిదేనమ్మా. కానీ అది చెప్పింది వినాల్సిన కణాల్ని మన క్యాన్సరు మందు పడుకోబెట్టేసింది. మీ చుట్టుపక్కలవాళ్ళే జాగ్రత్తగా ఉండాలి" అన్నారు డాక్టరు. పాపం, ఆయన మా ఆఫీసు చూడలేదు.

అక్కయ్య మాస్కు పెట్టుకుని, తన గది కిటికీ తెరిపించమని అర్జీ పెట్టుకుంది. అర్జీని పరిశీలించడానికి ఏడుగురు సభ్యుల కమిటీ ఆ గదిలోనే, తలుపులు మూసుకుని, రెండు గంటలు కూర్చుంది. కిటికీ తెరిస్తే కాగితాలు ఎగిరిపోతాయని ఏకగ్రీవంగా తీర్మానించింది.

తర్వాత నూరు శాతం రక్షణ సాధించినందుకు సన్మాన సభ. గ్రూపు ఫోటో దగ్గర పెద్ద సారు ముచ్చటగా అడిగారు: "ఆ మాస్కు తీసెయ్యమ్మా. మన టీకా మీద మనకే నమ్మకం లేదనుకోరూ?"

వచ్చే నెల చికిత్సకు సెలవు ఇవ్వాల్సింది ఆయనే. అక్కయ్య మాస్కు తీసింది. పక్కనే హెడ్ గుమాస్తా దగ్గుతున్నాడు.

"ఏం లేదమ్మా, చల్లటి నీళ్ళు తాగాను" అన్నాడు.

నాలుగో రోజున ఆవిడకు జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో పంతొమ్మిది రోజులు. ప్రాణం దక్కింది గానీ ఊపిరి సగమే మిగిలింది. క్యాన్సరు చికిత్స వాయిదా పడింది. ఆఫీసులో అందరం ఎంతో బాధపడి, టీకాలన్నీ దండగేనని తేల్చాం.

రాజీనామా ఇవ్వడానికి అక్కయ్య భర్త వచ్చాడు. కాగితం బల్ల మీద పెట్టి, హెడ్ గుమాస్తాను నెమ్మదిగా అడిగాడు.

"ఆ రోజు మీకు ఒంట్లో బాగాలేదా?"

"కాస్త జ్వరమే అన్నయ్యా. టీకా వేసుకున్నా కదా, రెండ్రోజుల్లో పోయింది. నాకేం కాలేదు!"

భర్త మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మేమంతా హెడ్ గుమాస్తా ఆరోగ్యానికి సంతోషించాం.

జబ్బు నుంచి మనల్ని కాపాడే టీకా వచ్చేసింది. మన నుంచి అక్కయ్యలాంటి వాళ్ళను కాపాడేది మాత్రం ఇంకా కనిపెట్టలేదట.