నీళ్ళ ట్యాంకరు లేని పచ్చదనం

దుమ్మును తిట్టేవాళ్ళంతా పర్యావరణానికి శత్రువులు! ఈ మాట అంటున్నది ఆషామాషీ మనిషి కాదు. తిరువూరు శివారు కంకర క్వారీలో టిప్పర్ల ప్లానింగ్ మేనేజరు, ఆదివారాలు ఈ కాలమ్ రాసే మేధావి సుందరరావు గారు. తన పేరు పక్కన తనే ‘గారు’ రాసుకోవడం ఆయనకు అలవాటు. ఇంకెవరూ రాయడం లేదు మరి.

గుంత అడుగు నుంచి క్రషర్ దాకా ఏ టిప్పరు ఏ దారిన ఎక్కాలో తేల్చడం ఆయన ఉద్యోగం. చలికాలం మొదట్లో హెడ్డాఫీసు రెండు వరాలు కోరింది. లాభం పెరగాలి, పొగ తగ్గాలి. ట్రిప్పులు పెంచితే పొగ లేస్తుంది, తగ్గిస్తే లాభం పోతుంది. సుందరరావు గారు కంప్యూటర్ ముందు జుట్టు పీక్కుని, చివరికి దోషిని పట్టేశారు. దారి తడిపే నీళ్ళ ట్యాంకరు! రోజంతా డీజిల్ తాగుతుంది, ఒక్క రాయి మోయదు. దాన్ని మాన్పించారు.

“మరి దారి ఎట్టా సార్?” అన్నాడు ట్యాంకరు నడిపే పీర్‌సాహెబ్.

“వానలొస్తే అదే తడుస్తుందిలే.”

దుమ్ము లేస్తుందంటారా? కార్బన్ లెక్కలో దుమ్ముకు గడి లేదు. గడి లేనిది ఉన్నట్టు ఎలా అవుతుంది? పైగా దుమ్ము వల్ల ఎన్ని లాభాలు! విస్సన్నపేట షేర్ ఆటో ఎక్కిన కాలేజీ కుర్రాళ్ళకు కూడా జుట్టు నెరిసిపోయి, అందరూ అందరినీ ‘అండి’ అంటున్నారు. ఇంత మర్యాద ఏ బడి నేర్పింది?

ఆయన భార్య కరుణశ్రీ టీచరు. క్వారీ దారి పక్కన ఆమె ప్రాణంగా పెంచుకున్న నాలుగు మామిడి చెట్లున్నాయి. ఆ కాయలతో ఆమె పెట్టే ఆవకాయ లేనిదే సుందరరావు గారికి ముద్ద దిగదు.

“పూతంతా దుమ్ము పట్టిపోయిందండీ. ఆ ట్యాంకరేదో మళ్ళీ పెట్టించండి” అంది.

“నాలుగు చెట్ల కోసం భూగోళాన్ని వేడెక్కించమంటావా?”

ఆ పూట భూగోళం కన్నా ముందు ఇల్లు వేడెక్కింది.

ఇంతలో పొగ తగ్గించినందుకు హెడ్డాఫీసు నుంచి ఆయనకు ‘గ్రీన్ ప్లానర్’ షీల్డు వచ్చింది. ఫొటో తీయడానికి వచ్చినవాళ్ళు వెనకాల పచ్చదనం కావాలన్నారు. ఆ చుట్టుపక్కల పచ్చగా ఉన్నది వాళ్ళు తెచ్చుకున్న బ్యానరొక్కటే. వెంటనే ట్యాంకరును పిలిపించారు, దారి తడపడానికి కాదు, కరుణశ్రీ మామిడి చెట్లు కడగడానికి. ఆత్రం ఆపుకోలేక సుందరరావు గారు పైపు తనే పట్టుకున్నారు. ఆకులు తళతళా మెరిశాయి. దుమ్ముకు ఓర్చుకుని మిగిలిన పూత కాస్తా ఆ ధాటికి నేలరాలింది.

“కింద పూలు చల్లినట్టు భలే ఉంది సార్, కదలకండి” అన్నాడు ఫొటోగ్రాఫర్. ఆయన కదల్లేదు. షీల్డు పట్టుకుని నవ్వారు కూడా.

వేసవి వచ్చింది. వేడి అన్నంలో నెయ్యి కలుపుకుని “ఆవకాయేదీ?” అన్నారు. జాడీ ఉండాల్సిన చోట షీల్డు నిలబడి ఉంది.

“ఈ ఏడు మన చెట్లకు కాసింది అదేనండీ” అంది కరుణశ్రీ.

 మర్నాడే సుందరరావు గారు హెడ్డాఫీసుకు ఫోన్ చేసి ట్యాంకరు కావాలన్నారు. తప్పకుండా ఇస్తామన్నారు వాళ్ళు, కాకపోతే పొగ పెరుగుతుంది కాబట్టి షీల్డు వెనక్కి పంపాలట.

సుందరరావు గారు ఉత్త నెయ్యన్నం తింటూ ఇంకా ఆలోచిస్తున్నారు.